తాడికొండ బడి నుంచి కార్పొరేట్ బడి దాకా: ఫీజు ఎన్ని క్వింటాళ్లు?

పోస్టు కాస్త పెద్దదే. కల్లం పనులు అయిపోయాయి కాబట్టి తీరిగ్గా చదవండి.

మొన్న మా ఊరి తమ్ముడొకడు కోల్డ్ స్టోరేజీ రసీదు పట్టుకుని వచ్చాడు. కూతురికి ఏడో తరగతి అయిపోయింది. ఎనిమిది నుంచి హాస్టలున్న ప్రైవేటు బడిలో వేయాలని ఇంట్లో పట్టు. ఏడాదికి లక్షన్నర. "అన్నా, ఉన్న టిక్కీలు ఏ రేటుకైనా తెగనమ్మి కట్టేయనా? చాలకపోతే అరెకరం తాకట్టు పెడతా, ఏమంటావ్?" అన్నాడు. అవుననడానికీ కాదనడానికీ నాకు అప్పటికప్పుడు నోరు రాలేదు. ఈ ఫీజుల కథ అసలు ఎక్కడ మొదలైందో ఒకసారి వెనక్కి వెళ్లి చూస్తే గానీ జవాబు దొరకదనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నా.

మన తాతల కాలంలో హైస్కూలు చదువంటే గుంటూరో తెనాలో పోయి గది తీసుకుని వండుకు తినాల్సిందే. 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. జిల్లా బోర్డుల చేతిలోని బళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి, తర్వాత ఊళ్లల్లో హైస్కూళ్లు పెరిగాయి. చాలా చోట్ల ఆ బడికి స్థలం ఇచ్చింది రైతులే. ఈ రోజు మనం "గవర్నమెంటు బడి" అని తీసిపారేస్తున్నది చాలా ఊళ్లల్లో మన పెద్దోళ్ల చేలో కట్టిందే.

అసలు సంగతి 1971లో ఉంది. ఆ ఏడాది నవంబరులో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. తర్వాతి ఏడాది, 1972లో, ఆంధ్ర ప్రాంతానికి ఒకటి, రాయలసీమకు ఒకటి వచ్చాయి. సీమది అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో. ఆంధ్ర ప్రాంతానిది ఎక్కడో కాదు, మన తాడికొండలో. మంగళగిరి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే.

ఆ బడి పద్ధతి చూడండి. పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకుంటారు. అక్కడే తిండి, అక్కడే పడక. అయ్యవార్లు కూడా ఆవరణలోనే ఉంటారు, తెల్లారి స్టడీ, రాత్రి స్టడీ. పేదోడి కొడుక్కి పైసా ఖర్చు లేదు. పదో తరగతి రాష్ట్ర ర్యాంకులు పేపర్లో వేసే రోజుల్లో తాడికొండ పేరు కనపడని ఏడాది అరుదు. ఇంటర్‌కి నాగార్జునసాగర్‌లో గురుకుల జూనియర్ కాలేజీ ఉండేది, ఈ పిల్లల్లో చాలామంది అటు వెళ్లేవాళ్లు.

నేను చెప్పేదేంటంటే, ఇవాళ కార్పొరేట్ బడి మనకు అమ్ముతున్న సరుకు, అంటే హాస్టలు, స్టడీ అవర్లు, ఏరిన పిల్లల సెక్షను, పేపర్లో ర్యాంకులు, ఇదంతా మన పక్కూళ్లో సర్కారు ఉచితంగా చేసి చూపించిందే. లోపం ఒకటే. సీట్లు పిడికెడు. పైగా తాడికొండ మగపిల్లల బడి. మిగతా పిల్లలు ఎటు పోవాలి? ఆడపిల్ల ఎటు పోవాలి? ఆ ఖాళీలోకే ప్రైవేటు వచ్చింది. ఇది వాళ్ల తప్పని నేను అనను.

వచ్చింది కూడా మెల్లగానే. 1977లో విజయవాడ కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. రాష్ట్రంలో ప్రైవేటులో అదే మొదటిది. ఆ తర్వాత బాపట్ల, గుంటూరు. అప్పట్లో ఇలాంటి చదువుల్లో డబ్బున్నోడు డొనేషన్ కట్టి సీటు కొనుక్కునేవాడు. 1983లో ఎన్టీఆర్ వచ్చీ రాగానే డొనేషన్లు నిషేధిస్తూ చట్టం తెచ్చారు. సీటు ఎంట్రన్సు ర్యాంకును బట్టే అన్నారు. మంచి చట్టమే. కానీ డబ్బుకి కాళ్లుంటాయి కదా. కాలేజీ గేటు దగ్గర ఆపితే రెండేళ్లు వెనక్కి నడిచి ఇంటర్ దగ్గర కూర్చుంది. ర్యాంకు తెప్పించే చోటికి గిరాకీ పెరిగింది. నెల్లూరులో నారాయణ అప్పటికే 1979లో లెక్కల ట్యూషన్‌గా మొదలై ఉంది. 1986లో విజయవాడలో బి.ఎస్. రావు గారి శ్రీచైతన్య ఆడపిల్లల జూనియర్ కాలేజీగా మొదలైంది. ఆడపిల్లల హాస్టలు అన్నది గుర్తుపెట్టుకోండి. మనోళ్లు అటు వెళ్లడానికి ర్యాంకు ఒక్కటే కారణం కాదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మన పత్తి మునిగింది. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1980ల మధ్యలో తెల్లదోమ, దాని మీద మందు మీద మందు, పైరిథ్రాయిడ్లు కొట్టిన కొద్దీ దోమ ఎక్కువైంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ తర్వాత నుంచి మన ఇళ్లల్లో ఒకటే మాట: "నాతోనే పోవాలి ఈ సేద్యం, నువ్వు చదువుకో." కార్పొరేట్ కాలేజీని పెంచింది వాళ్ల ప్రకటనలు మాత్రమే కాదు, మన భయం కూడా. పొలం మీద నమ్మకం పోయిన రైతు పొలం అమ్మైనా ఫీజు కట్టాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాక, అమెరికా వెళ్లిన కుర్రాళ్లు ఊళ్లో మేడలు కట్టాక, ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. నిజంగా బాగుపడినవాళ్లు ఉన్నారు, కాదనలేం.

అక్కడితో ఆగితే బాగుండేది. డబ్బు ఇంకా వెనక్కి నడిచింది. ఇంటర్ నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి ఆరుకి. దానికి "ఐఐటీ ఫౌండేషన్" అని పేరు. ఆరో తరగతి పిల్లకి ఐఐటీ పునాది ఏంటో నాకైతే అర్థం కాదు. పునాదంటే తెలుగు తప్పుల్లేకుండా చదవడం, భిన్నాలు చేయడం, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు సొంతంగా రాయడం. వత్తిడి సంగతి కూడా కొత్తది కాదు. జూనియర్ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు, 2017లో మళ్లీ చక్రపాణి కమిటీ వేశారు. పదహారేళ్ల తేడాతో అదే విషయానికి రెండో కమిటీ అవసరమైందంటే మొదటిదాని మాట ఎంత విన్నారో మీరే ఆలోచించుకోండి.

ఫీజులకి కళ్లెం వేద్దామని ప్రభుత్వం 2021లో జీవో 53 ఇచ్చింది. ప్రైవేటు హైస్కూలు ఫీజు పంచాయతీలో ఏడాదికి 12,000, మున్సిపాలిటీలో 15,000, కార్పొరేషన్‌లో 18,000 మించకూడదంది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆ రేట్లకి బడి నడుస్తుందా అంటే అదీ అనుమానమే. ఏదైతేనేం, ఎంత కట్టాలన్నది మళ్లీ మన బేరానికి వచ్చింది.

బేరమంటే గుర్తొచ్చింది. జిల్లా పరిషత్తు బళ్లో ఫస్టు వచ్చిన పిల్లని ఇలాంటి కాలేజీలు చాలావరకు ఫీజు లేకుండానే పిలిచి చేర్చుకుంటాయి. ఆ ఫొటోయే రేపు ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఫుల్ ఫీజు కట్టేది మామూలు పిల్లల తల్లిదండ్రులు. మంచి లెక్చరర్లు వెళ్లేది మాత్రం ర్యాంకు సెక్షనుకి. అంటే మన మామూలు పిల్ల ఫీజుతో వేరే పిల్ల ర్యాంకు తయారవుతోంది. కాబట్టి చేర్చేముందు "మా పిల్ల ఏ సెక్షన్లో కూర్చుంటుంది, లెక్కలు చెప్పే అయ్యవారు ఎన్నేళ్ల నుంచి ఉన్నారు" అని అడగండి. బిల్డింగు చూసి రావద్దు.

ఇక లెక్క. లక్షన్నర ఫీజంటే, 2023లో కాయ ఇరవై వేలు దాటినప్పుడు ఏడున్నర క్వింటాళ్లు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద ప్రకటించిన 11,781 ధరకి పన్నెండు క్వింటాళ్ల మీదే. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు పండితే సగానికి మించి బడికే. కౌలు, కూలి, మందులు మిగిలిన దాంట్లోంచి. పైగా కాయ రేటు పడిపోతుంది గానీ ఫీజు పడదు. ఎనిమిది, తొమ్మిది, పది, మూడేళ్లకి నాలుగున్నర లక్షలు. నల్ల తామర పురుగు 2021లో వచ్చినట్టు మధ్యలో ఒక్కసారి వస్తే రెండో ఏడాది ఫీజుకి వడ్డీకి తేవాల్సిందే. మధ్యలో బడి మాన్పిస్తే పిల్ల మనసు ఏమవుతుంది?

అటు వైపు ఏముందో కూడా చూడాలి. ఎనిమిదో తరగతి గవర్నమెంటు బళ్లో చదివే పిల్లలకి ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, నాలుగేళ్లకి 48,000. పది అయ్యాక 2008లో పెట్టిన నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది, పది మార్కుల మీదే సీటు, ఆరేళ్లకి బీటెక్ చేతికొస్తుంది. హాస్టలు లేని గవర్నమెంటు బడిలో చదివిన పిల్లకి అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. అంటే లక్షన్నర కట్టి ప్రైవేటులో చేర్పించిన రోజే ఈ రెండూ మన పిల్ల చేతిలోంచి జారిపోతాయి. ఈ సంగతి ఏ బడి పీఆర్వో ఇంటికొచ్చి చెప్పడు.

మీ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు లేకపోతే నా మాటలన్నీ గాలికి పోయినట్టే, ఒప్పుకుంటా. అప్పుడు మామూలు ప్రైవేటు బడి, ఇంటి నుంచి వెళ్లొచ్చేది, తప్పు కాదు. అరెకరం తాకట్టు పెట్టాల్సిన హాస్టలు బడి మాత్రం ఎనిమిదో తరగతికి వద్దు. అంతగా ఖర్చు పెట్టాలనుంటే ఇంటర్‌కి, అదీ పదిలో పిల్ల ఎలా వచ్చిందో చూసి.

తమ్ముడికి ఇదే చెప్పాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు, ఇంట్లో ఆవిడ అసలే ఒప్పుకోలేదు. "హాస్టల్లో అయితే పొద్దున్నే లేపి చదివిస్తారు, ఇక్కడ మేమిద్దరం చేలోకి పోతే ఎవరు చూస్తారు?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సోమవారం ముగ్గురం కలిసి హైస్కూలుకి వెళ్తున్నాం. సాయంత్రం స్టడీ అవర్ పెడతారా, లెక్కలకీ సైన్సుకీ ఎవరున్నారు, ఎన్ఎంఎంఎస్‌కి నిరుడు ఎంతమంది నెగ్గారు అని హెడ్మాస్టర్ గారిని అడుగుతాం. టిక్కీలు మాత్రం అప్పటిదాకా స్టోరేజీలోనే ఉంచమన్నాను.