కత్తియు, కంబమును: రెండు తొలి టాకీలు

కథ ముగింపు ముందుగా తెలిసినచో దానియందు రుచి యుండదని పలువురనుకొందురు. హంతకుడెవడో చెప్పివేసిన స్నేహితునిపై మనకు కోపము వచ్చుట అందువలననే. కాని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారు ఈ మాటను తేలికగా నొప్పుకొనరని నా నమ్మకము. ఆళ్లగడ్డకు చేరువను, నల్లమల కొండలలో, అహోబిలక్షేత్రమున్నది. ఎగువ అహోబిలమునకు పైని, చీలిన శిఖరమువలె నిలిచియున్న బండను చూపి, నరసింహుడు వెలువడిన ఉగ్రస్తంభమిదియే యని యాత్రికులకు చెప్పుదురు. ఆ కథ ముగింపెరుగనివారు ఆ సీమలో నరుదు. అయినను హిరణ్యకశిపుడు కంబమును చూపి, నీ దేవుడిందున్నాడా యని కుమారుని గద్దించు ఘట్టము వచ్చుసరికి హరికథాసభలో గుసగుసలన్నియు నణగిపోవును. తెలిసిన కథకే ఊపిరి బిగబట్టుట యెట్లు సంభవించును? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని నేడు రెండు చిత్రములను గూర్చి చెప్పదలచితిని. ఒకటి ఇంగ్లండువారి తొలి టాకీ. రెండవది మన తొలి టాకీ.

ఇంగ్లండులో తొలి టాకీగా పేరొందినది 1929వ సంవత్సరమున వెలువడిన ‘బ్లాక్‌మెయిల్’. గుట్టు బయటపెట్టుదునని బెదిరించి లాభము గుంజుకొనుటకు ఆంగ్లేయులు పెట్టిన పేరది. ఛార్లెస్ బెన్నెట్ వ్రాసిన నాటకము దీనికి మూలము. దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. 1899లో జన్మించినవాడు, అప్పటికి ముప్పదియేండ్లు నిండనివాడు. బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వారు దీనిని ఎల్‌స్ట్రీ స్టూడియోలో మొదట మూకీగానే ప్రారంభించిరి. నడుమ శబ్దయంత్రములు రాగా, కొన్ని ఘట్టములను మరల తీసి మాటలు చేర్చిరి. ఆ యంత్రములు లేని థియేటర్లకై మూకీ ప్రతియు విడుదలయ్యెను.

కథ చిన్నది. లండనులో ఒక దుకాణదారుని కుమార్తె ఆలిస్. ఆమెను వివాహమాడదలచిన ఫ్రాంక్, స్కాట్లండ్ యార్డునందు డిటెక్టివు. ఒకనాటి రాత్రి అతనితో తగవుపడి, ఆమె యొక చిత్రకారునితో అతని గదికి పోవును. అతడు బలాత్కరింపబోగా, చేతికందిన రొట్టెకోయు కత్తితో ఆమె అతనిని పొడిచి చంపును. ఆ గదిలో దొరికిన చేతితొడుగు ఆలిస్‌దని గుర్తించి, ఫ్రాంక్ దానిని దాచును. రెండవ తొడుగు ట్రేసీ యను ధూర్తుని చేత చిక్కును. వాడు వీరిద్దరిని బెదిరింపసాగును. ఇందు దాగిన హంతకుడెవడును లేడు. ఎవరు చంపిరో, ఏల చంపిరో చూచువారికి మొదటనే తెలియును. అయినను కుర్చీలో కదలక కూర్చుందుము.

దీని మర్మమును హిచ్‌కాక్ తరువాతి కాలమున, 1962లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో జరిపిన సంభాషణములలో వివరించెను. బల్లచుట్టు కొందరు కూర్చుండి ఏవో మాటలాడుచున్నారు. బల్లక్రింద బాంబు ఉన్నది. ఆ సంగతి మనకును తెలియనిచో, అది ప్రేలినపుడు కొన్ని క్షణముల యదురుపాటు మాత్రమే కలుగును. మనకు తెలిసి వారికి తెలియనిచో, ఆ పనికిమాలిన మాటలే పావుగంటసేపు మనలను హింసించును. కనుక ఉత్కంఠ యనునది అజ్ఞానమునుండి పుట్టునది కాదు. తెలిసియు చెప్పలేని యవస్థనుండి పుట్టునది.

ఈ యవస్థకు శబ్దమునతడు వాడుకొన్న తీరు మెచ్చదగినది. ‘లాడ్జర్’ అను మూకీలో, మేడపై పచార్లు చేయు మనుష్యుని యడుగులచప్పుడు వినిపించు వీలు లేక, గాజునేలపై నతని నడిపించి క్రిందినుండి చూపెను. ‘బ్లాక్‌మెయిల్’లో నిజమైన శబ్దము చేతికి వచ్చినది. హత్య జరిగిన మరునాటి ఉదయమున ఆలిస్ ఫలాహారమునకు కూర్చున్నది. పొరుగింటి స్త్రీ ఆ హత్యను గూర్చి యెడతెగక వాగుచున్నది. క్రమముగా ఆమె మాటలన్నియు అస్పష్టములై గొణుగుడుగా మారిపోవ, ‘కత్తి’ యను నొక్క పదము మాత్రము మరల మరల ఖణీలున వినబడును. అంతలో తండ్రి రొట్టె కోయుమనును. ఆమె చేతిలోని కత్తి యెగిరిపడును. అచ్చట మనము వినునది పొరుగింటామె గొంతు కాదు, ఆలిస్ యంతరాత్మ.

విచిత్రమేమనగా, ఆ యాలిస్ గొంతు ఆలిస్‌ది కాదు. ఆ పాత్ర ధరించిన ఆనీ ఓండ్రా చెక్ దేశపు నటి. ఆమె ఆంగ్లోచ్చారణ లండను పిల్లకు తగినట్లుండలేదు. అప్పటికి పిదప గొంతు కలుపు పద్ధతి యేర్పడలేదు. అందుచేత జోన్ బారీ యను నటి కెమెరాకు కనబడక ప్రక్కన నిలిచి సంభాషణలు పలుకగా, ఓండ్రా పెదవులు కదపెను. మూకీకి దేశభాషల యెల్లలు లేవు, టాకీకి కలవు. మాట వచ్చిన దినముననే కొందరి నోళ్లు మూతపడినవి.

మన తెలుగునాట ఈ మార్పు మరియొక విధముగ జరిగినది. రఘుపతి వెంకయ్య నాయుడు 1910లోనే క్రోనోమెగాఫోన్ అను యంత్రమును కొని, పళ్లెముపై పాటతో చిరుచిత్రములను ప్రదర్శించెను. కుమారుడు ప్రకాశును ఈ విద్యకై లండనునకు పంపెను. 1921లో వారు ‘భీష్మప్రతిజ్ఞ’ యను మూకీని నిర్మించిరి. పూర్తిగా తెలుగు మాటలాడిన తొలి చిత్రము హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో తయారైన ‘భక్త ప్రహ్లాద’. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చాలకాలము చెప్పుకొనిరి. పత్రికారచయిత రెంటాల జయదేవ నాటి యాధారములను పరిశోధించి, సెన్సారు అనుమతి 1932 జనవరి 22న లభించినదనియు, విడుదల ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా థియేటరులో జరిగినదనియు నిర్ధారించెను.

ఈ చిత్రమునకు మూలము బళ్లారిలో న్యాయవాదిగానుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకము. లీలావతిగా నటించిన కమలాబాయి సురభివారి యాడపడుచు. ఆ సురభి కడప మండలమందలి గ్రామము. కథాస్థలము అహోబిలము. అనగా చిత్రము పుట్టినది బొంబాయిలోనైనను, దాని వేళ్లు నంద్యాల చుట్టుపట్ల సీమలోనివే. ఇచ్చట గొంతు అరువు తెచ్చుకొనవలసిన పని లేకపోయెను. రంగస్థలముపై పద్యము పాడి యారితేరిన గొంతులు సిద్ధముగనే యుండినవి.

పాశ్చాత్యుల తొలి టాకీ నేరపరిశోధన కథ, మనది పాత పురాణమే గదా యని చిన్నచూపు చూచువారు కలరు. వారు ఆ పురాణపు కట్టడమును పరిశీలింపలేదని నా యభిప్రాయము. మనుష్యునిచే గాని మృగముచే గాని, పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేలపై గాని నింగిని గాని, ఆయుధముచే గాని చావులేని వరము రక్కసునిది. ఇన్ని తలుపులు మూసిన కోటలోనికి మృత్యువే సందున ప్రవేశించును? సంధ్య వచ్చినది, గడప యున్నది, తొడయు, గోళ్లును మిగిలినవి. ఒక్కొక్కటే సమకూరుట మనము చూచుచుందుము. హిరణ్యకశిపునికి మాత్రము తెలియదు. కంబములోని నరసింహుడు బల్లక్రింది బాంబువంటివాడే. ఆంగ్లేయుడు ఇరువదవ శతాబ్దమున సూత్రీకరించిన విద్యను మన తల్లులు పిల్లలకు అన్నము పెట్టుచు నేర్పిరి.

రెంటికిని భేదము లేకపోలేదు. కంబము చీలినపుడు ధర్మము నిలుచును. ప్రహ్లాదుని మనస్సుపై మచ్చ లేదు. ‘బ్లాక్‌మెయిల్’ తుదిని, పోలీసులు వెంటాడగా ట్రేసీ బ్రిటిష్ మ్యూజియము గోపురమునుండి పడి చచ్చును. హంతకుడు వాడేయని లోకము తృప్తిపడును. నిజము చెప్పవచ్చిన ఆలిస్ చెప్పలేకపోవును. చట్టమును కాపాడవలసినవాడే సాక్ష్యమును దాచినాడు. ఆమె విడుదల పొందినదా, జీవితాంతపు చెరలో పడినదా? ఈ ప్రశ్నకు చిత్రము సమాధానము చెప్పదు.

ఇక విచారింపవలసిన మాట యొకటి. ‘బ్లాక్‌మెయిల్’ టాకీ ప్రతియు, మూకీ ప్రతియు రెండును భద్రముగ నున్నవి. మూకీని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌వారు 2012లో పునరుద్ధరించిరి. మన 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రతి మిగులలేదు. ప్రహ్లాదుని కథను 1942లోను, 1967లోను తెలుగువారు మరల తెరకెక్కించిరి. మొదటి గొంతు మాత్రము పోయినది. నాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పంటిన భగ్గుమనును, ఊరకుంచిన పొడియై రాలును. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కు రాయివలె అది తనంత తాను నిలువదు. ఎవరో యొకరు పూనుకొని కాపాడవలెను. మనకు మిగిలిన పాత చిత్రములు, నాటకపు రికార్డులు, ప్రకటనల కాగితములు ఏ పెట్టెలలో నున్నను, వానిని చెదలకు విడువక భద్రపరచుట మన విధి. పోయినదానిని తేలేము, ఉన్నదానినైన పోగొట్టుకొనకుందము.