సరేసు

పాత వడ్రంగులు చెక్కలు అతికించడానికి వేడిచేసి వాడిన జిగురు సరేసు. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసేవారు. వాసన సంగతి అడక్కండి! మాట ఫారసీది. బందరు గోల్కొండ సుల్తానుల రేవు. అక్కడ ఫారసీ వర్తకుల రాకపోకలు బాగా సాగాయి. అయితే ఈ మాట ఆ ఓడల్లోనే దిగిందని పందెం కాయను.

సరేసును శుద్ధి చేస్తే జెలటిన్. దాని మూలం కొల్లాజెన్. గ్రీకులో ‘కొల్లా’ అన్నా జిగురే. మన మోకాలి మృదులాస్థికి బలమిచ్చేదీ కొల్లాజెనే. అక్కడ రక్తనాళాలు ఉండవు కనుక అరిగితే తనంతట తాను సరిగా పూడదు. అందుకే పరిశోధకులు జెలటిన్ జెల్‌లో కణాలను, మందును నింపి ఆ గుంటలో పెట్టాలని చూస్తున్నారు. చిక్కేమిటంటే, చల్లారి గడ్డకట్టిన పాయా మళ్లీ వేడికి కరిగినట్టే, మామూలు జెలటిన్ ఒంటివేడికి కరిగిపోతుంది. దాని గొలుసులకు మెథాక్రిలేట్ తగిలించి, కాంతితో ముడివేస్తే నిలుస్తుంది. తర్వాత శరీరంలోని ఎంజైములు కొద్దికొద్దిగా కొరుకుతుంటే మందు బయటికి వస్తుంది.

జెలటిన్ చేపతోలు నుంచి, పొలుసు నుంచి కూడా వస్తుంది. గుడివాడ, కైకలూరు చేపల చెరువుల వాళ్లకు ఈ మాట చెప్పాలి.