తుమ్మెద ముద్ర బొమ్మలు

మా చెల్లెలు ఒహాయోలో ఉంటుంది. అక్కడ ఎండాకాలం శనివారాల్లో ఇళ్ల ముందు బల్లలు వేసి, అక్కర్లేని సామాను అమ్ముకుంటారు. గరాజ్ సేల్ అంటారు కదా, వాటి చుట్టూ తిరగడం దానికి మహా సరదా. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఒక మేజోడు తీసి, అందులోంచి నాలుగంగుళాల బొమ్మని బయటికి లాగింది. పూసిన చెట్టుకొమ్మ మీద కూర్చుని కాళ్లు వేలాడేసిన పిల్ల. పక్కన ఒక పిట్ట. బుగ్గలు ఎంత సహజంగా ఎర్రబారాయంటే, ఎండలో ఆడుకుని ఇప్పుడే వచ్చిందనిపిస్తుంది.

"నాలుగు డాలర్లక్కా, నీ కొలువుకి" అంది.

అమ్మినావిడకి అరవై దాటి ఉంటాయట. తల్లి పోయాక ఆ ఇల్లు ఖాళీ చేస్తోంది. బల్ల మీద అలాంటి బొమ్మలు ముప్ఫై దాకా ఉన్నాయి. వాటి పక్కనే లావుపాటి ధరల పుస్తకం ఒకటి. తన దగ్గరున్న ప్రతి బొమ్మకీ ఆ తల్లి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంది. మా చెట్టుకొమ్మ పిల్లకి అందులో మూడంకెల ధర ఉందట. "మాకు ఆస్తి మిగిల్చి వెళ్తున్నానని మా అమ్మ నమ్మింది" అందట ఆవిడ, నాలుగు డాలర్లు చేతిలోకి తీసుకుంటూ.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. వంటయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని ఈ బొమ్మల కథ చదువుతూ వచ్చాను.

వీటిని హుమ్మెల్ బొమ్మలంటారు. జర్మన్ భాషలో హుమ్మెల్ అంటే తుమ్మెద. కానీ ఇక్కడ అది ఒకమ్మాయి ఇంటిపేరు. బెర్తా హుమ్మెల్ 1909లో బవేరియాలోని మాసింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రికి ఊళ్లోనే దుకాణం. ఆయనకీ చిత్రకారుడు కావాలని ఉండేదట, కుదరలేదు. కూతుర్ని మాత్రం మ్యూనిచ్‌లో చిత్రకళ చదివించాడు. చదువు పూర్తవగానే, 1931లో, ఆ అమ్మాయి జీస్సెన్ అనే ఊళ్లోని ఫ్రాన్సిస్కన్ కాన్వెంట్‌లో చేరిపోయింది. సన్యాసం తీసుకుని సిస్టర్ మరియా ఇన్నోసెంషియా అయింది. బడిలో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పేది. మంచిగా ఉన్న పిల్లలకి తను గీసిన చిన్న చిత్రాలు బహుమతిగా ఇచ్చేది. గొడుగు కింద నక్కినవాళ్లు, బాతులు తోలుకెళ్లేవాళ్లు, జారిపోయిన మేజోళ్లతో బడికి పోయేవాళ్లు... అన్నీ పిల్లల బొమ్మలే. వాటిని పోస్టుకార్డులుగా అచ్చేస్తే బాగా అమ్ముడుపోయాయి.

అప్పట్లో ఓయెస్లావ్ అనే ఊళ్లో గోబెల్ వాళ్ల పింగాణీ ఫ్యాక్టరీ ఉండేది. 1871లో పెట్టింది. యజమాని ఫ్రాంజ్ గోబెల్ ఆ కార్డుల్ని చూసి, వీటిని బొమ్మలుగా చేస్తే బాగుంటుందనుకున్నాడు. ప్రతి నమూనా సిస్టర్ చూసి ఒప్పుకోవాలి, బొమ్మ మీద ఆమె సంతకం ఉండాలి, వచ్చినదాంట్లో కాన్వెంట్‌కి వాటా ముట్టాలి. 1935లో మొదటి బొమ్మలు బజారులోకి వచ్చాయి.

రెండేళ్లు తిరక్కుండానే నాజీల కన్ను వీటిమీద పడింది. 1937లో వాళ్ల పత్రిక ఒకటి ఈ పిల్లల బొమ్మల్ని నానా మాటలూ అంది. జర్మన్ పిల్లల్ని ఇంత పెద్ద తలకాయలతో, అనాకారులుగా చూపిస్తారా అని కోపం. వాళ్లకి కావలసింది ఛాతీ విరుచుకుని నిలబడే పిల్లలు. ముక్కు కారుతూ, చెట్టెక్కే పిల్లలు కాదు. అయినా విదేశాలకి అమ్మితే డబ్బొస్తుంది కనక అది మాత్రం ఆపలేదు. 1940లో కాన్వెంట్‌ని లాక్కున్నారు. చాలామంది సిస్టర్లని వెళ్లగొట్టారు. ఈవిడ కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లి, ఉండలేక తిరిగొచ్చేసింది. నేలమాళిగలో ఒక చిన్న గదిలో చలికి వణుకుతూ గీసింది. ఆమె సంపాదనలో సగం ప్రభుత్వమే తీసుకునేది. మిగిలిన సగమే అక్కడున్న సిస్టర్లకి ముఖ్యమైన ఆధారం. క్షయ పట్టుకుని 1946 నవంబరులో పోయింది. 37 ఏళ్లు. ఆ తర్వాత ఈ బొమ్మల మీద ఎంత వ్యాపారం జరిగిందో ఆమె చూడనేలేదు.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర ముక్క చెప్పాలి. ఓయెస్లావ్ ఉన్నది కోబర్గ్ ప్రాంతంలో. 1919లో అక్కడి జనం ఓటు వేసి, పక్కనున్న థురింజియాతో కాకుండా బవేరియాతో కలుస్తామన్నారు. పాతికేళ్ల తర్వాత యుద్ధం అయిపోయి దేశాన్ని పంచుకున్నప్పుడు, థురింజియా రష్యా వాటాలోకి పోయింది, బవేరియా అమెరికా వాటాలోకి వచ్చింది. అలా ఆ ఫ్యాక్టరీ సరిహద్దుకి ఇవతల మిగిలింది. ఆ ఓటు ఇంకోలా పడి ఉంటే మా చెల్లెలి చేతికి ఈ బొమ్మ వచ్చేదే కాదేమో.

1946లో మళ్లీ బట్టీలు వెలిగించుకోవడానికి అమెరికా అధికారులు అనుమతిచ్చారు. అక్కడ కాపలా ఉన్న అమెరికా సైనికులు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఇంటికి ఏం పంపాలి? కూలిపోయిన దేశంలో కొనుక్కోదగ్గ వస్తువులే తక్కువ. ఇదైతే అరచేతిలో పడుతుంది, పెట్టెలో పట్టేస్తుంది, పైగా ముద్దొచ్చే పిల్ల బొమ్మ. అమ్మకొకటి, పెళ్లానికొకటి పంపారు. అలా ఊరూరా అద్దాల బీరువాల్లోకి ఎక్కాయి. వాటిని తుడిచి సర్దుకునే ఆడవాళ్లకి మాత్రం అది యుద్ధం నుంచి మనిషి క్షేమంగా తిరిగొస్తాడన్న కబురు. ఆ తర్వాత పుట్టినరోజుకొకటి, క్రిస్మస్‌కొకటి చేరాయి.

ఇంతకీ వీటిలో ఏముందని? నేను ఈ బొమ్మని రోజూ చేతిలోకి తీసుకుని చూశాను. ఉన్నదంతా రంగుల్లోనే ఉంది. సిస్టర్ గీసిన చిత్రాన్ని శిల్పి మట్టిలో చేస్తాడు. దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ప్లాస్టర్ అచ్చు తీస్తారు. అందులో పల్చటి మట్టిపాలు పోస్తే ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటుంది, గోడకి మాత్రం మట్టి పొరలా అంటుకుంటుంది. మిగిలింది వంచేస్తారు. తలా, చేతులూ, పిట్టా, కొమ్మా విడివిడిగా తీసి మళ్లీ మట్టిపాలతోనే అతుకుతారు. పదకొండు వందల డిగ్రీల పైన కాలుస్తారు. మెరుగు పోసి ఇంకోసారి. అప్పటికి బొమ్మ తెల్లగా, కళ లేకుండా ఉంటుంది. అప్పుడు కుంచె పట్టేవాళ్ల చేతికి వెళ్తుంది.

ఈ పని నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టేదట. రంగుల గదుల్లో చాలామంది ఆడవాళ్లు పనిచేశారు. ముఖం అందరికీ ఇవ్వరు, చెయ్యి తిరిగినవాళ్లకే. కనుబొమ్మ వెంట్రుకవాసి పైకి పోతే ఆశ్చర్యపోయే పిల్ల కాస్తా గయ్యాళి పిల్ల అవుతుంది. బుగ్గ ఎరుపు అంచులు తెలియకుండా చర్మంలో కలిసిపోవాలి. నేను కొలువు బొమ్మలకి ఏటా రంగులు దిద్దుతాను కనక ఆ కష్టం కొంచెం తెలుసు. కళ్లు దిద్దేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే. రంగు వేశాక ఇంకోసారి తక్కువ వేడి మీద కాలిస్తే అది గట్టిగా పట్టుకుంటుంది.

మన కొండపల్లిలో కూడా, మగవాళ్లు పొణికి చెక్క చెక్కితే రంగుల పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. ఒక్క తేడా ఉంది. హుమ్మెల్ బొమ్మ అడుగున రంగు వేసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి. మా కొలువులో ముప్ఫై ఏళ్ల నాటి కొండపల్లి దశావతారాలు ఉన్నాయి. తిరగేసి చూశాను, ఎవరి గుర్తూ లేదు.

ఇక ధర సంగతి. ఇదీ నన్ను కట్టిపడేసిన భాగం.

మొదట్లో ఇవి మధ్యతరగతి కానుకలు. ధర పెరగడానికి మొదటి కారణం బొమ్మలో లేనేలేదు, డబ్బు మారకంలో ఉంది. 1950ల్లో ఒక డాలరుకి 4.20 జర్మన్ మార్కులు వచ్చేవి. 1979 నాటికి సుమారు 1.80 మాత్రమే. ఉదాహరణకి ఫ్యాక్టరీలో 42 మార్కులయ్యే బొమ్మ అనుకోండి. ఫ్యాక్టరీవాళ్లు పైసా పెంచకపోయినా, అమెరికా ఇల్లాలికి మొదట పది డాలర్లకు వచ్చింది తర్వాత ఇరవైమూడు దాటుతుంది. దానికి తోడు జర్మనీలో జీతాలు పెరిగాయి. కొత్త బొమ్మ ధర పెరిగితే పాత బొమ్మ ధరా దాని వెనకే నడుస్తుంది. బీరువాలో ఊరికే నిలబెట్టిన బొమ్మ ఏటేటా విలువ పెరుగుతోందని జనానికి అర్థమైంది.

కంపెనీకీ అర్థమైంది. 1971 నుంచి ఏడాదికొక పళ్లెం అచ్చువేసి, ఆ సంవత్సరం దాటితే ఇక దొరకదన్నారు. 1977లో కొనేవాళ్ల కోసం ఒక క్లబ్బు పెట్టి, కొన్ని బొమ్మలు సభ్యులకి మాత్రమే అన్నారు. దానికి ముందటేడు అమెరికాలో ఒకాయనకి, యుద్ధం రోజుల్లో నమూనాగా చేసి వదిలేసిన బొమ్మలు కొన్ని దొరికాయి. హంగేరీ లాంటి దేశాల పల్లె దుస్తుల్లో ఉన్నవి. అవి ఒక్కోటి వేల డాలర్లు పలికాయి. ఆ వార్త చదివాక అటకలు దులపని ఇల్లు ఉండి ఉండదు.

అన్నిటికన్నా విచిత్రం అడుగున ఉన్న ముద్ర. 1949 దాకా కిరీటం గుర్తు. తర్వాత సిస్టర్ పేరు మీద వీ అక్షరంలో ఎగురుతున్న తుమ్మెద. కొన్నేళ్లకి ఆ తుమ్మెద చిన్నదై, గీతల తుమ్మెద అయింది. 1979 తర్వాత తుమ్మెద మాయమై, గోబెల్ వెస్ట్ జర్మనీ అన్న అక్షరాలే మిగిలాయి. అచ్చు ఒకటే, పిల్ల ఒకటే, చెట్టుకొమ్మ ఒకటే. కిరీటం ఉంటే ఒక ధర, తుమ్మెద ఉంటే ఇంకో ధర, ఏదీ లేకపోతే వేరే ధర. ధరల పుస్తకాలు ముద్ర ప్రకారమే వరసలు వేశాయి. ముఖం ఎవరు ఎంత బాగా దిద్దారన్నదానికి ఆ పుస్తకాల్లో గడి లేదు. ఇలాంటిది మనకీ తెలియనిది కాదు. పాత పట్టుచీర అమ్మబోతే కొనేవాడు జరీ కాల్చి వచ్చే వెండి లెక్క కడతాడు. నేసినవాళ్ల పనికి ఆ తూకంలో చోటుండదు.

పుస్తకాల్లో ఇంకో చిక్కు ఉంది. అందులో ఉండేది దుకాణంలో కొనాలంటే అయ్యే ధర. మనం అమ్మబోతే వచ్చేది కాదు. నగల కొట్టులో మనందరికీ అనుభవమే. ఒహాయోలో పెన్సిల్ టిక్కులు పెట్టుకున్న ఆవిడ ఎప్పుడూ అమ్మబోలేదు కనక ఆ తేడా ఆవిడకి ఎదురుపడలేదు.

దాచుకున్న తల్లులు ఒకే తరం వాళ్లు. వాళ్లు పోవడం కూడా ఇంచుమించు ఒకే కాలంలో జరిగింది. పిల్లల ఇళ్లల్లో అద్దాల బీరువాలు లేవు. 1995లో ఈబే వచ్చాక ఎవరి అటక మీద ఎన్ని ఉన్నాయో అందరికీ కనిపించిపోయింది. అరుదనుకున్నవి వేలల్లో తేలాయి. మామూలు బొమ్మలు పది ఇరవై డాలర్లకి దిగాయి. అప్పటికి ఊరి పేరు కూడా రోడెన్‌టాల్ అయింది. 2008లో గోబెల్ వాళ్లు ఈ బొమ్మలు చేయడం ఆపేశారు. తర్వాత వేరేవాళ్లు తీసుకుని కొన్నాళ్లు చేశారు. కిరీటం గుర్తువీ, ఆ పల్లె దుస్తులవీ వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి ఉన్నవాళ్లు కొద్దిమంది.

ఆ తల్లి మోసపోయిందని నేను అనుకోను. ఆవిడ నలభై ఏళ్లు రోజూ చూసుకుంది, తుడుచుకుంది. అది ఆస్తి అని పిల్లలకి చెప్పకుండా, నాకు ఇష్టం అని చెప్పి ఉంటే సరిపోయేది. మన తరంలో చాలామందిమి మన ఇష్టాలకి ఇలాగే ఏదో ఒక లెక్క అడ్డం పెట్టుకుంటాం, ఇంట్లోవాళ్లు ఒప్పుకోరని. నేనూ నా ఇత్తడి గిన్నెల్ని పనికొస్తాయని చెప్పే కొన్నాను.

భోగినాడు కొలువులో మూడో మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన పెట్టాను చెట్టుకొమ్మ పిల్లని. పేరంటానికి వచ్చిన ఎదురింటి పిన్నిగారు చేతిలోకి తీసుకుని, "ఎంత పడిందమ్మా?" అని అడిగారు. నాలుగు డాలర్లన్నాను. "అంటే మూడొందల పైనే" అని లెక్క కట్టి, కళ్లజోడు సర్దుకుని ముఖం కేసి చూస్తూ ఉండిపోయారు. "ఎవరు దిద్దారో గానీ కళ్లు బతికున్నాయి" అన్నారు.

తిరగేసి చూపించాను. తుమ్మెద లేదు. వెస్ట్ జర్మనీ అని ఉంది. దాని పక్కన సన్నటి కుంచెతో రెండు అక్షరాలు, 82 అన్న అంకె.

పిన్నిగారు వేలితో ఆ అక్షరాల్ని ఒకసారి తడిమి, బొమ్మని జాగ్రత్తగా మెట్టు మీద పెట్టారు.