ప్రవక్తల వాక్కులో బలి విందు

తీర్పు అనగానే మనబోటి గుమాస్తాలకు కోర్టు కాగితాలు గుర్తొస్తాయి. హెబ్రీ ప్రవక్తలు కొందరు బలిపీఠాన్ని చూపారు. యూదా రాజు యోషీయా కాలంలో (క్రీ.పూ. 640–609) జెఫన్యా, యెహోవా బలి సిద్ధపరచి అతిథులను పిలిచాడని ప్రకటించాడు. శిక్షకు పేర్కొన్నది పశువులను కాదు; అధిపతులను, రాజకుమారులను, అన్యదేశపు దుస్తులు వేసినవారిని. బలి ఇచ్చేవారే బలి అన్నమాట! క్రీ.పూ. 605లో కర్కెమీషులో ఐగుప్తు సేన బబులోను చేతిలో ఓడింది. యిర్మీయా గ్రంథం దానిని యూఫ్రటీసు తీరపు బలిగా వర్ణించింది. యెహెజ్కేలు మరీ సాహసి. పక్షులను, అడవి మృగాలను విందుకు పిలిపించాడు. ధర్మశాస్త్రం ప్రకారం క్రొవ్వు దేవునిది, రక్తం బలిపీఠానిది, మనుష్యులు తినరాదు. ఇక్కడ ఆ రెండూ మృగాల పాలు. ఆయన యాజకుడు, ఈ తారుమారు తెలియక చేసినది కాదు.