గరుకు బెరడు

మా నర్సీపట్నంలో ఏ ముసలి చింతచెట్టును చూసినా మాను నెర్రెలు విచ్చే ఉంటుంది. మనకదో వింత కాదు. జపానువాళ్లకు మాత్రం ఆ గరుకంటే మహా మురిపెం. వాళ్ల మేపుల్ చెట్టు మాను మామూలుగా నున్నగా ఉంటుంది. బెరడు గరుకెక్కే రకం ఒకటుంది, దాన్ని ‘అరకవా’ అన్నారు. గరుకు తోలు అని అర్థం. గింజ వేస్తే అదే రకం వస్తుందన్న నమ్మకం లేదు, అందుకే అంటు కడుతుంటారు.

కుండీలో చెట్టు పెంచే విద్య మొదట చైనాది. అక్కడ 706 నాటి ఒక రాకుమారుడి సమాధి గోడమీద, చిన్న మొక్కలున్న పళ్లెం మోస్తున్న పరిచారకుల బొమ్మ ఉంది. జపానులో 1309 నాటి చిత్రపటంలోనూ కుండీచెట్లు కనిపిస్తాయి.

1923 భూకంపంలో టోక్యో తగలబడిపోయింది. బోన్సాయ్ పెంచేవాళ్లు కొందరు ఒమియా చేరి, 1925లో ఏకంగా ఊరే కట్టుకున్నారు. అప్పట్లో అక్కడ కాపురముండాలంటే కనీసం పది కుండీచెట్లుండాలి, వచ్చినవాళ్లను తోట చూడనివ్వాలి, గోడకు బదులు మొక్కల కంచె వేయాలి, మేడ కట్టకూడదు అని షరతులుండేవి. ఆ చివరి షరతు మనవాళ్లు ఒప్పుకుంటారా, చెప్పండి!

మేపుల్‌కు ఆకు రాల్చి నిద్రపోయే పొడుగాటి చలికాలం కావాలి. మనకు లంబసింగి మంచు నాలుగునాళ్ల ముచ్చటే. అందుకని నేను కుండీలో చింతగింజ నాటాను. కొమ్మ వంచాలని తీగ బిగించి చుట్టేశాను, అది బెరడులోకి దిగిపోయింది. అరకవాకు తీగ చుడితే ఆ గరుకంతా పెళ్లలుగా ఊడుతుందనీ, మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుందనీ, అందుకే దాన్ని ఎక్కువగా కత్తెరతోనే తీరుస్తారనీ తర్వాత తెలిసింది. మా చింతకు ఆ మచ్చ ఇంకా ఉంది. దాని పక్కనే మొదటి నెర్రె విచ్చింది.