ఋతువు తప్పిన మరణాలు: 1918 ఇన్‌ఫ్లూయెంజా వైరస్ రూపభేదాలు – రోగ స్వరూపం

1918 వసంతంలో తేలికపాటి జ్వరంగా వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా వైరస్ వేసవిలో మార్పు చెంది, శరత్కాలానికి ప్రాణాంతకమైందన్నది విస్తృతంగా ప్రచారంలో ఉన్న కథనం. బొంబాయిలో జూన్‌లో స్వల్పంగా కనిపించిన జ్వరం సెప్టెంబరులో తిరగబెట్టి, భారతదేశమంతటా కోటికి పైగా ప్రాణాలను బలిగొన్న తీరు కూడా ఈ కథనానికి బలం చేకూర్చేదిగానే కనిపిస్తుంది. అయితే ఆనాటి రోగుల ఊపిరితిత్తులు చెప్పే సాక్ష్యం అంత సూటిగా లేదు.

అప్పటి వైద్యులలో చాలామంది ఈ వ్యాధికి ఫైఫర్ బాసిల్లస్ అనే బాక్టీరియా కారణమని నమ్మారు. మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను వేరుచేయడం 1933లో గాని సాధ్యపడలేదు. అయినా అమెరికా సైనిక వైద్యులు శవపరీక్షలలో సేకరించిన ఊపిరితిత్తుల ముక్కలు మైనపు దిమ్మెలలో భద్రంగా మిగిలాయి. అటువంటి ముక్కల నుంచే 1997లో జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం వైరస్ జన్యు శకలాలను రాబట్టింది. 2011లో వెలువడిన అధ్యయనం 1918 మే–అక్టోబరు నెలల మధ్య మరణించిన 68 మంది అమెరికన్ సైనిక రోగుల నమూనాలను పరిశీలించింది. 37 మందిలో వైరస్ ఆనవాళ్లు లభించాయి. వీరిలో నలుగురు మే–ఆగస్టు మధ్య, అంటే అమెరికాలో మహమ్మారిని గుర్తించకముందే మరణించినవారు.

వైరస్‌లో మార్పు లేకపోలేదు. కణానికి అతుక్కునేందుకు వైరస్‌కు తోడ్పడే హీమగ్లుటినిన్ ప్రోటీన్‌ను 13 నమూనాలలో పరిశీలించగా, 222వ స్థానంలో తేడా బయటపడింది. వేసవి నమూనాలలో పక్షి వైరస్‌ల స్వభావానికి దగ్గరైన గ్లైసీన్ వైపు, శరత్కాలపు నమూనాలలో మానవ కణాలకు అనువైన ఆస్పార్టిక్ ఆమ్లం వైపు మొగ్గు కనిపించింది. పదమూడు నమూనాల మీద ఇంతకు మించి చెప్పడం సాహసమే.

మరి రోగి శరీరంలో ఆ తేడా ఏమైంది? వేసవి మృతులకూ శరత్కాల మృతులకూ రోగలక్షణాలలో గాని, ఊపిరితిత్తుల విధ్వంసంలో గాని భేదం కనిపించలేదు. శ్వాసమార్గంలో వైరస్ వ్యాపించిన తీరూ ఒక్కటే. 68 మందిలోనూ బాక్టీరియా న్యుమోనియా జాడలున్నాయి. ఇవన్నీ మరణించినవారి నమూనాలు కనుక, కోలుకున్నవారి జబ్బు తీవ్రత గురించి ఇవి చెప్పగలిగింది లేదు. శరత్కాలపు అసాధారణ మరణాలకు కారణం సైతం వీటిలో దొరకలేదు. కాని వేసవి వైరస్ చంపలేనిదన్న వాదన మాత్రం ఆ నలుగురి ఊపిరితిత్తుల ముందు నిలవదు.

న్యుమోనియా అన్ని కాలాలలోనూ ఉండే జబ్బు. ఇన్‌ఫ్లూయెంజా అందులో దాగిపోవడం తేలిక, అందునా మే నెలలో.