బాలల చేతికి ఏ పుస్తకమీయవలెను?



మన యిండ్లలో పిల్లవానికి అక్షరాభ్యాసము చేయునపుడు ఆ వాడలోని తక్కిన పిల్లలకు గూడ పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచిపెట్టు ఆచారము కలదు. ఆ యాచారమున గొప్ప వివేకమున్నది. చదువు మొదలైన దినము పిల్లవానికి తీపితో, కానుకతో, తోడిపిల్లల సందడితో గుర్తుండవలెనని మన పూర్వులు తలచిరి. కాని ఆ కానుక పలకతోనే ఆగిపోవుచున్నది. పలక వ్రాయుటకు పనికివచ్చును. అక్షరములు వచ్చినందువలన కలుగు సుఖమును అది చూపజాలదు. ఆ సుఖమును చూపు రెండవ కానుక పుస్తకము. చాల యిండ్లలో ఆ రెండవ కానుక రానేరాదు. బడిపుస్తకము తప్ప మరియొక పుస్తకమును ముట్టకయే పెరిగిన పిల్లవానికి, బడి మానిన కొన్నియేండ్లకు తాను నేర్చిన యక్షరములే పరాయివగును.

అయితే ఏ పుస్తకమైనను ఇచ్చినంతనే పని జరుగునా? జరుగదని చరిత్ర చెప్పుచున్నది. పిల్లలకు పుస్తకములను కానుకగా నిచ్చు వాడుక ఎట్లు పుట్టినదో, అందులో ఏది ఫలించినదో, ఏది చెడినదో నేడు మనవి చేయుదును.

మహిలారోప్యనగరమునేలిన అమరశక్తి యను రాజునకు ముగ్గురు కుమారులుండిరనియు, వారు చదువునకు విముఖులై యుండిరనియు పంచతంత్రపు పీఠికలో కలదు. వ్యాకరణమొక్కటే నేర్చుటకు పండ్రెండేండ్లు పట్టునని కొలువులోని పండితులు చెప్పగా, విష్ణుశర్మ ఆరు మాసములలో వారిని నీతికోవిదులను జేయుదునని పూనుకొనెను. ఆయన వారికి శాస్త్రగ్రంథమును చూపలేదు. కాకిని, ఎలుకను, తాబేలును, జింకను చూపెను. అమరశక్తి నిజముగ నుండెనో లేదో మనకక్కరలేదు. చదువును ద్వేషించు పిల్లవానికి మొదట కథ కావలెనన్న యెరుక ఈ దేశమున అంత పూర్వమే కలదనుటకు ఆ పీఠికయే సాక్ష్యము. ఆ కథలు ఆరవ శతాబ్దమున పారశీకమునకు, ఎనిమిదవ శతాబ్దమున అరబ్బీకి మారి, అచ్చటినుండి ఐరోపాకు సాగిపోయినవి.

ఐరోపాలో అచ్చుయంత్రము వచ్చి రెండువందల యేండ్లు గడచినను పిల్లల చేతికందినవి ఎక్కువగా ప్రార్థనలు, లాటిను వ్యాకరణములు మాత్రమే. మొరేవియా దేశమున పుట్టి, మతయుద్ధములవలన స్వదేశమును విడిచిన కొమేనియస్ అను ఉపాధ్యాయుడు 1658వ సంవత్సరమున నూరెంబర్గు పట్టణమున బొమ్మల పాఠపుస్తకమును ప్రకటించెను. అందు 150 బొమ్మలు కలవు. బొమ్మలోని ప్రతి వస్తువునకు ఒక అంకె, ఆ అంకెకు ప్రక్కన మాట. అక్షరమాల గూడ కాకికూత మొదలుకొని జంతువుల ధ్వనులతో నడచును. కన్ను చూచినదానిని నాలుక త్వరగా పట్టుకొనునని ఆయన గ్రహించెను.

పిదప ఇంగ్లండులో జాన్ లాక్ అను తత్త్వవేత్త 1693వ సంవత్సరమున బాలవిద్యను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. చదువును పిల్లవానికి బరువుగా, దండనగా చేయరాదని ఆయన మతము. అక్షరములంటించిన పాచికలతో ఆడించుమనెను. పిల్లవానికి కొంత చదువు రాగానే ఈసోపు కథలవంటి సులభమైన పుస్తకము నిమ్మనియు, అందు బొమ్మలున్నచో మరింత మేలనియు చెప్పెను. ఇంత చెప్పియు, అట్టి పుస్తకములు రెండు మూడింటికన్న పేర్కొనలేకపోయెను. అప్పటికి అవి యంత అరుదు.

ఆ కొరతను వ్యాపారముగ మార్చినవాడు జాన్ న్యూబరీ. లండనులో పుస్తకములతో పాటు జ్వరపుచూర్ణమును గూడ అమ్మిన వర్తకుడతడు. 1744వ సంవత్సరమున అతడు జేబులో నిముడునంతటి చిన్నపుస్తకమును వెలువరించెను. వెల ఆరు పెన్నీలు. మరి రెండు పెన్నీలిచ్చినచో పుస్తకముతో కూడ మగపిల్లవానికి బంతి, ఆడపిల్లకు సూదులు గ్రుచ్చు మెత్త లభించును. ఆ బంతికిని మెత్తకును ఒక ప్రక్క ఎఱుపు, మరియొక ప్రక్క నలుపు. పిల్లవాడు మంచిపని చేసినయెడల ఎఱ్ఱని ప్రక్కను, చెడ్డపని చేసినయెడల నల్లని ప్రక్కను ఒక్కొక్క సూది గ్రుచ్చవలెను. పది సూదులు ఎఱుపున చేరినచో ఒక పెన్నీ బహుమానము. నలుపున చేరినచో బెత్తము.

ఈ కానుకలో రెండు బుద్ధులు కలిసియున్నవి. పిల్లవాని చేతికి పుస్తకము ఆటవస్తువువలె సంతోషముతో అందవలెననుట మొదటిది. ఆ సంతోషమునకు లెక్క కట్టి, తప్పొప్పుల పద్దు వ్రాయవలెననుట రెండవది. మొదటిదానివలన బాలసాహిత్యము బ్రదికినది. 1922 మొదలుకొని అమెరికాలో ఉత్తమ బాలగ్రంథమునకిచ్చు పతకమునకు న్యూబరీ పేరు పెట్టిరి. రెండవదానివలన మాత్రము ఎన్నియో పుస్తకములు చచ్చినవి. ఒక్కటి గమనింపుడు: బంతి మగపిల్లవానికి, మెత్త ఆడపిల్లకు నైనను, పుస్తకము మాత్రము ఇరువురకు నొక్కటియే.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ రెండవ బుద్ధియే ప్రబలెను. ఇంగ్లండులోని ఆదివారపు బడులలో హాజరునకు, సత్ప్రవర్తనకు పుస్తకములను బహుమానముగ నిచ్చు వాడుక పెరిగెను. అట్ట మీద బంగారు పూత. లోపల బుద్ధిమంతుడైన బాలుని కథ, వానికి కలిగిన సద్గతి. వానిని ఎన్నుకొన్నవారు పెద్దలు, మెచ్చుకొన్నవారును పెద్దలే. అట్టి పుస్తకములు వేలకొలది అచ్చుపడినను, నేడు వాని పేర్లు తెలిసినవారు పండితులలోనే కొందరు.

అదే కాలమున, అదే దేశమున, వేరువిధమైన కానుకలు రెండు పుట్టినవి. ఆక్సుఫర్డులో గణితోపాధ్యాయుడైన డాడ్జిసన్ 1862వ సంవత్సరము జూలై 4వ తేదీన ముగ్గురు బాలికలను పడవ మీద తీసికొనిపోవుచు ఒక కథ కల్పించి చెప్పెను. దానిని వ్రాసియిమ్మని వారిలో నొక బాలిక కోరెను. ఆయన తన చేతితో వ్రాసి, బొమ్మలు గూడ తానే గీసి 1864వ సంవత్సరము నవంబరులో ఆమెకు కానుకగా పంపెను. అదియే పెంచబడి 1865లో ఆలీసు కథగా ప్రకటింపబడినది. అందు నీతివాక్యములను వల్లించు పాఠములకు పరిహాసమే గాని నీతిబోధ లేదు.

రెండవది బియాట్రిక్సు పాటర్ వ్రాసిన కుందేలు కథ. రోగముతో మంచము పట్టిన ఐదేండ్ల పిల్లవానికి ఆమె 1893లో బొమ్మల ఉత్తరముగ దానిని వ్రాసి పంపెను. అచ్చువేయుటకు ప్రచురణకర్తలు ముందుకు రాకపోగా 1901లో తన సొమ్ముతో 250 ప్రతులు వేయించెను. మరుసటి సంవత్సరము ఒక సంస్థ దానిని ప్రకటించినది. పుస్తకము చిన్నచేతులలో నిముడునంత చిన్నదిగ నుండవలెననియు, వెల తక్కువగ నుండవలెననియు ఆమె పట్టుపట్టెను. ఈ రెండు పుస్తకములును ఎదుటనున్న ఒక పిల్లవానిని మనసున నుంచుకొని చేసిన కానుకలు. బంగారుపూత బహుమానములు ఇట్టివాడు కావలెనని పెద్దలు కోరుకొన్న పిల్లవానికొఱకు చేసినవి. భేదమంతయు నిచ్చటనే యున్నది.

ఇక మన దేశపు మాట. తెలుగున పరవస్తు చిన్నయసూరి 1853వ సంవత్సరమున నీతిచంద్రికను ప్రకటించెను. అదే కాకి, అదే ఎలుక, అదే జింక. తెలుగు వచనమునకు అది మకుటమువంటిది. కాని అది పాఠ్యగ్రంథమై, పరీక్షలకెక్కి, కథకంటె ముందు ప్రతిపదార్థమును పిల్లలకెదురుగ నిలిపినది. చదువునకు విముఖులైన పిల్లలకు రుచి పుట్టించుటకై విష్ణుశర్మ చెప్పిన కథయే, చదువులో కష్టమైన భాగమయ్యెను. తప్పు సూరిది కాదు. ఏ పుస్తకము ఏ వయసున, ఏ పనికి ఈయవలెనో ఎంచనివారిది ఆ తప్పు. నేనిపుడు మీతో మాటలాడుచున్న ఈ భాషను ఏడేండ్ల పిల్లవానికి కానుక చేయుమని నేనును చెప్పను.

ఈ సంగతిని గుర్తించి పోరాడిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తిగారు. 1863లో జన్మించి 1940లో కీర్తిశేషులైరి. పర్లాకిమిడి ప్రాంతపు సవరపిల్లలకు వారి భాషలోనే వాచకములు కూర్చిరి. పిల్లవాడు ఇంట వినెడి మాట పుస్తకమున కనబడినపుడే చదువు వానిదగునని ఆ కార్యము చాటినది. తెలుగుపిల్లల విషయమునను వారి వాదమదియే.

ఆ వాదమునకు ఫలము పత్రికలయందు కనబడినది. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు 1945లో చెన్నపట్టణమున "బాల" పత్రికను స్థాపించిరి. అందు పిల్లల రచనలు, పిల్లల బొమ్మలు అచ్చుపడినవి. పిమ్మట పేరొందిన బాపు, ముళ్లపూడి వెంకటరమణ బాల్యమున అందుండి వెలువడినవారే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు "చందమామ"ను వెలువరించిరి. దాని భాష తేట, పుటపుటకును బొమ్మ. అది పరీక్షలలో రాలేదు. ఎవ్వరును దానిని వల్లెవేయించలేదు. అందువలననే పిల్లలు దానికొఱకు ఎదురుచూచిరి; తాతలు గూడ చాటుగా చదివిరి. పిదప సోవియట్ దేశమునుండి ప్రగతి, రాదుగ ప్రచురణలు తెలుగున వచ్చినవి. అందమైన బొమ్మలతో, స్వల్పమైన వెలకు విశాలాంధ్ర దుకాణములలో దొరకెడివి. 1991లో ఆ దేశము విచ్ఛిన్నమగుటతో ఆ రాకయు నిలిచెను. చందమామయు 2010 తరువాతి సంవత్సరములలో ఆగిపోయినది. నెలనెలా దానంతట అది ఇంటికి వచ్చెడి కానుక యిపుడు లేదు. కావున ఎన్నుకొను భారము మన మీదనే పడినది.

ఎట్లు ఎన్నుకొనవలెను? ఈ చరిత్రనుండియే కొన్ని గుర్తులు తీయవచ్చును.

మొదట పిల్లవానిని చూడుడు. వానికి ఎడ్లు ఇష్టమా, రైలుబండి ఇష్టమా, దయ్యములు ఇష్టమా, నవ్వు ఇష్టమా? పుస్తకము దానిని బట్టి యుండవలెను. రెండవది, ఏదో యొక పుటను వానిచేత చదివింపుడు. పుటకు నాలుగైదు మాటల కన్న ఎక్కువ అడ్డుపడినచో, ఆ పుస్తకమును మరి రెండేండ్లకు దాచియుంచుడు. మూడవది, బొమ్మ కథను మోయుచున్నదా, ఖాళీని నింపుటకు పెట్టినదా చూడుడు. నాలుగవది, అక్షరము పెద్దది, పుస్తకము చిన్నది, కుట్టు గట్టిది కావలెను. అట్ట తళుకును చూచి కొనరాదు. ఆదివారపు బడుల బంగారుపూత గతి మీరు వింటిరి. ఐదవది, రెండు మూడింటిని ముందుంచి పిల్లవానినే ఏరుకొననిండు. వాడు వట్టి హాస్యకథను ఏరుకొన్నను అడ్డు చెప్పకుడు. తెనాలిరామకృష్ణుని కథకు నవ్విన పిల్లవాడు పిమ్మట భాగవతమునకు వచ్చును. విసిగిన పిల్లవాడు దేనికిని రాడు.

ఇచ్చిన పిదప మరియొక నియమము. "చదివితివా? నీతి యేమి?" అని అడుగకుడు. అట్లడిగిన నిమిషమున కానుక పాఠమగును. బంతి మీద నల్లని ప్రక్క కనబడును. పది మారులు అదే కథను చదివినను చదువనిండు. చదువ రాని పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని మీరే చదువుడు. ఆ పని అవ్వతాతలు చేసినట్లు మరి యెవ్వరును చేయలేరు.

కొనలేని యింటి సంగతి యేమందురేమో. ఈ ప్రశ్నకు గూడ మన పూర్వులు జవాబు చెప్పిరి. 1914వ సంవత్సరమున బెజవాడలో గ్రంథాలయసభ జరిపి ఊరూర గ్రంథాలయములకై పాటుపడిరి. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకములు పెట్టుకొని రేవురేవునకును పంచిరి. పడవ మీద పుస్తకమును పంపిన జాతికి, పంచాయతి కచేరిలో పిల్లలకొక బీరువా ఏర్పరుచుట కష్టము కాదు.

ఆగస్టు 15న, జనవరి 26న బడిపిల్లలకు మీ చేతులమీదుగా బహుమానములిచ్చుచుందురు. గిన్నెలకు, పళ్లెములకు బదులు ఈ మారు ఒక్కొక్క కథలపుస్తకమిండు. అట్ట లోపల పిల్లవాని పేరు వ్రాసి యిండు. మీ యింట అక్షరాభ్యాసము జరిగినపుడు పలకతో పాటు ఒక బొమ్మలపుస్తకమును పంచుడు. పిల్లవానికైనను, పిల్లకైనను ఒక్కటే పుస్తకము. బలపము అరిగిపోవును, బెల్లము ఆ పూటకే కరిగిపోవును. తన పేరున్న పుస్తకమును పిల్లవాడు తలగడక్రింద పెట్టుకొని నిద్రించును. మరునాడు లేచి మొదటి పుట తిప్పును. మనము కోరునదియు అంతే.

సెలవు.